రాయిని నమ్మినవాళ్లం

1978 ఏప్రిల్. యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌కు కాస్త దూరంలో, పట్టాల వెంబడి నాలుగైదు గల్లీలు ఉండేవి. వాటిలో చివరి గల్లీకి పేరు లేదు. మా ఆఫీసు కాగితాల్లో దాని పేరు ఏడో నంబరు. పైన తెరిచి ఉండే మోరీలు తప్ప వేరే మురుగు కాలువలు లేని బస్తీలకు భూమి లోపల పైపులు వేసే పథకం ఒకటి మంజూరైంది. దాని సర్వే పని మా సెక్షన్ మీద పడింది. అప్పుడు నేను సూపర్‌వైజర్‌ను. వయసు ముప్పై ఎనిమిది. అప్పటికే పదిహేను ఎండాకాలాలు నడిరోడ్ల మీద గడిపినవాణ్ణి. ఆ ఏడాది ఎండ మొదలు కాకముందే నాకు అలసట మొదలైంది.

సర్వే అనగానే చాలామందికి గొలుసు పట్టి పొలం కొలవడం గుర్తొస్తుంది. మా పని ఎత్తులు తీయడం. మురుగు నీటికి బుద్ధి ఉండదు, భయం ఉండదు, సిఫారసు పనిచేయదు. వాలు ఉంటే పోతుంది, లేకపోతే నిలుస్తుంది. కనుక పైపు వేసే ముందు గల్లీ ఎంత ఎత్తులో ఉంది, ఆ నీళ్లు పోయి కలవాల్సిన పెద్ద పైపు ఎంత ఎత్తులో ఉంది, ఈ రెండూ తెలియాలి. అయితే ఎత్తు అనేది ఒంటరిగా ఉండదు. దేనికంటే ఎత్తు అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. ఆ జవాబునే మేము కంట్రోల్ పాయింట్ అంటాం. ఎత్తుల పనిలో దాని పేరు బెంచ్‌మార్క్. ఎప్పుడో పెద్ద సర్వే చేసినప్పుడు ఊరంతా అక్కడక్కడ రాళ్లు పాతి, వంతెనల మీద గుర్తులు చెక్కి, ఒక్కొక్క దాని ఎత్తు రిజిస్టర్‌లో రాసిపెట్టారు. మేము ఆ రాయి దగ్గర మొదలుపెట్టి లెక్క ముందుకు మోసుకుపోతాం. రాయి సరైనదైతే లెక్కంతా సరైనది. రాయి తప్పైతే, మిగతా పని ఎంత జాగ్రత్తగా చేసినా అది జాగ్రత్తగా చేసిన తప్పే అవుతుంది.

ఆదివారాలు నాకు ఇంకో పని ఉండేది. హేతువాద మిత్రులం కొందరం ఒక చిన్న హాల్లో కలిసేవాళ్లం. చర్చలు, వాదాలు, అప్పుడప్పుడు ఆస్తికులతో ముఖాముఖి. నేను చదువుకునే రోజుల నుంచి సంస్కరణ సభల్లో గొంతు చించుకుని పెరిగినవాణ్ణి. నా ఆయుధం ఒక్కటే ప్రశ్న: "చూశావా?" దెయ్యం ఉందంటారు. చూశావా? బాబా బూడిద పుట్టించాడంటారు. నువ్వు చూశావా? అవతలివాడు "చూడలేదు, కానీ పెద్దలు చెప్పారు" అనగానే సభ నావైపు తిరిగేది.

ఏడో నంబరు గల్లీకి దగ్గరి బెంచ్‌మార్క్ ఎక్కడుందో రిజిస్టర్‌లో వెతికితే ఆ గల్లీ మొదట్లోనే ఉందని తేలింది. నేను, యేసురత్నం పోయి చూశాం. యేసురత్నం మా ఖలాసీ. స్టాఫ్ పట్టుకోవడం అతని పని. స్టాఫ్ అంటే అంకెలు వేసిన పొడవాటి చెక్క బద్ద. దాన్ని పాయింట్ మీద నిలువుగా నిలబెడితే నేను దూరం నుంచి పరికరంలో చూసి అంకె చదువుతాను. అతను యాభై దాటిన మనిషి, మెదక్ దిక్కు క్రైస్తవుడు. ఇరవై ఏళ్లుగా ఎండలో ఆ బద్ద పట్టుకుని నిలబడీ నిలబడీ అతనూ దానిలాగే అయిపోయాడు.

రాయి ఉంది. ఒక గద్దె మీద ఉంది. గద్దెకు తెల్ల సున్నం, రాయికి పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు, పక్కన వేపమండ, ఎండిన కొబ్బరి చిప్ప.

"సార్, గిది బెంచ్‌మార్కా, పోచమ్మా?" అన్నాడు యేసురత్నం.

"పైన గుంట ఉంటుంది చూడు. అది ఉంటే బెంచ్‌మార్క్."

వేలితో పసుపు గీకి చూశాడు. గుంట ఉంది. పక్కకు బాణం గుర్తూ ఉంది. బద్ద ఎత్తి పెట్టబోతుంటే ఎదురింటి గుమ్మంలోంచి ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏయ్, ఎవలయ్యా నువ్వు? చెప్పులతోని గద్దె ఎక్కుతున్నవేంది?"

"చెప్పులు ఇడుస్త తల్లీ, లొల్లి జెయ్యకు," అన్నాడు యేసురత్నం. "నేను యేసయ్య మనిషిని. మీ అమ్మతోని నాకు పంచాయితి లేదు. సర్కారు బద్ద, సర్కారు రాయి మీద పెడుతున్న, గంతే."

ఆమె పేరు మల్లమ్మ. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆ రాయికి దీపం పెట్టేదీ, గద్దెకు సున్నం వేసేదీ ఆమే అని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఎండ ఎక్కుతోంది, ఆమె అడ్డం నిలబడింది.

"ఇది దేవత కాదమ్మా," అన్నాను. "సర్కారు పాతిన రాయి. ఆ బాణం గుర్తు చూడు. మీరు దానికి పసుపు పూసి దేవతను చేసిండ్రు."

"పాతితే పాతింది. పాతినంక సర్కారు మల్ల ఎన్నడన్న వచ్చి చూసిందా? మేమే చూసుకుంటున్నం." మళ్లీ కాస్త మెత్తబడి, "మోరీ పైపు ఏస్తరంట గదా, మస్తు సంబురమైంది. గా రాయి ముచ్చట ఒకటి చెప్త, ఇను సారూ..." అంది.

"ముచ్చట్లు తర్వాతమ్మా. పని కానియ్యి."

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి లోపలికి పోయింది.

పని మొదలుపెట్టాం. మా డంపీ లెవెల్ పాతకాలం పరికరం. మూడు కాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణి. అందులోంచి చూస్తే బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. మాకు అలవాటే. గల్లీ మూలన పాన్ డబ్బా నడిపే ఖాజా భాయ్ ఒకసారి చూస్తానని బతిమాలి, కన్ను పెట్టి, ఎగిరిపడ్డాడు. "అరే సాబ్, సబ్ ఉల్టా దిఖ్రా! తలకాయలు కిందికి, కాళ్లు పైకి! గిట్ల చూసే సర్కారు నడిపిస్తుండ్రా మీరు?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. మధ్యాహ్నం వేడికి స్టాఫ్ మీద అంకెలు నీళ్లలో ఆడినట్టు ఆడుతున్నాయి. ఒక్కో అంకె మూడుసార్లు చదవాల్సి వస్తోంది.

గల్లీ చివరి దాకా పోయి, పద్నాలుగు ఇళ్ల గడపలు, మోరీ అడుగు, పెద్దరోడ్డు మూల, అన్నీ చదువుకుంటూ సాయంత్రానికి మళ్లీ అదే రాయి దగ్గరికి వచ్చాం. మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చి లెక్క ఎంత కలిసిందో చూడటాన్ని క్లోజింగ్ అంటాం. మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఆ ఎండలో, ఆ గుంపులో మూడు మిల్లీమీటర్లంటే చెప్పుకోదగ్గ పని.

"సార్, నయాపూల్ దాకా పోవద్దా?" అని యేసురత్నం అడిగాడు. నయాపూల్ వంతెన పిట్టగోడ మీద ఇంకో బెంచ్‌మార్క్ ఉంది. ఒక తెలిసిన పాయింట్ దగ్గర మొదలుపెట్టి వేరే తెలిసిన పాయింట్ దగ్గర ముగించాలన్నది పాఠ్యపుస్తకం మొదటి నెలలోనే చెబుతుంది. అంత దూరం, ఆ బజార్ల గుండా, రెండు రోజుల పని.

"మూడు మిల్లీమీటర్లు కలిసిందయ్యా. ఇంకేం కావాలి?" అన్నాను.

అతను బద్ద మడిచి భుజాన పెట్టుకున్నాడు. ఖలాసీ సూపర్‌వైజర్‌తో వాదించే రోజులు కావు అవి.

ఆ ఆదివారం హాల్లో నేను మాట్లాడింది ఆ రాయి గురించే. సర్కారు కొలత కోసం పాతిన రాయిని ఈ జనం పోచమ్మను చేశారని, మురుగు పైపు అడగాల్సిన నోటితో రాయికి మొక్కుతున్నారని, రాయి వినదు, మున్సిపాలిటీ అయినా వింటుందని అన్నాను. బాగా చప్పట్లు కొట్టారు. ఒక మిత్రుడు దాన్ని వ్యాసంగా రాయమన్నాడు. శుక్రవారం నేను అదే రాయి ముందు వంగి, రిజిస్టర్‌లో దానికి రాసిన అంకెను మారు మాట లేకుండా నోట్‌బుక్‌లో ఎక్కించుకుని వచ్చానన్న సంగతి ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆఫీసులో డ్రాయింగ్ వేశాం. గల్లీ పైపు పోయి కలవాల్సింది పెద్దరోడ్డు కింద ఉన్న పాత ట్రంక్ పైపులో. దాని మ్యాన్‌హోల్, అంటే దిగి శుభ్రం చేసే గుంత, ఎన్నిసార్లో వేసిన తారు కింద కప్పబడిపోయింది. తవ్వి చూడాలంటే ట్రాఫిక్ పోలీసు అనుమతి, ఇంకో కాగితం, ఇంకో వారం. పాత డ్రాయింగ్‌లో దాని అడుగు మట్టం రాసి ఉంది. ఆ అంకె తీసుకున్నాం. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే గల్లీ వాలు పదిహేడు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. పైపు వేస్తే నీళ్లు పోవు. పైగా ట్రంక్ నిండినప్పుడు మురుగు వెనక్కి తన్ని ఇళ్లలోకే వస్తుంది.

ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి చూశారు. చెడ్డవాడు కాదు. ఆయన బల్ల మీద ఇరవై గల్లీలు ఉన్నాయి.

"ఏడో నంబరు తీసెయ్," అన్నారు. "వాలు లేని గల్లీకి నేనేం చేస్తాను?"

ఎర్ర పెన్సిల్‌తో ఒక గీత. పద్నాలుగు ఇళ్లు పథకంలోంచి పోయాయి.

మే నెల చివర్లో మల్లమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో మా ఆఫీసుకు వచ్చింది. మిగతా గల్లీల్లో పైపులు దిగాయి, వాళ్ల గల్లీలో దిగలేదు. ఎవరో గుమాస్తా "లెవెల్ సూపర్‌వైజర్‌ను అడుగు" అని నా బల్ల చూపించాడు. నా బల్ల ముందు కుర్చీ ఒకటే ఉండేది. కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు.

"సారూ, మా గల్లీ ఏం పాపం చేసింది?"

"పాపం కాదమ్మా. వాలు లేదు. మీ గల్లీ గుంతల ఉంది. పైపేసినా నీళ్లు పోవు."

"మోరీల చెత్త తీస్తే నీళ్లు గడియల రోడ్డు దిక్కు ఉరుకుతయి. మేం దినాం చూస్తలేమా?"

"రోడ్డు మీదికి పోతయి. నేనూ కాదంటలేను. కానీ రోడ్డు కింద పెద్ద పైపు ఉంది గదా, దాని అడుగు మీ గల్లీల ఏసే పైపు కన్న ఎత్తుల ఉంది. దాంట్లకు ఎట్ల ఎక్కుతయి?"

ఆమె వెనక ఉన్న ఆడమనిషి చంకలో పిల్ల ఏడుస్తోంది.

"గా పెద్ద పైపును నువ్వు చూసినవా?"

"చూడటమేందమ్మా? కాగితంల ఉంది."

"నువ్వు చూసినవా అంటున్న."

"చూడలే. అప్పటి పెద్ద ఇంజినీర్లు రాసిపెట్టిండ్రు."

"మంచిగుంది," అంది మల్లమ్మ. కోపంగా అనలేదు. బాగా అలసిపోయిన మనిషి అన్నట్టు అంది. "మేం రాయిని నమ్ముతమని నవ్వితివి గదా. రాయైతే కండ్లకు అవుపడుతది."

పక్క బల్లల వాళ్లు ఫైళ్లలోంచి తల ఎత్తారు. ఆమె ఇంకా ఆపలేదు.

"పోయిన వానల నా మనవరాలు పోయింది. పది నెలల పిల్ల. మోరీ నీళ్లు నల్లా నీళ్లల కలిసినయి. వాంతులు, బేదులు. రెండు దినాలల్ల పోయింది. గీమె నా కోడలు. గా చంకలది రెండోది. మల్ల వాన మొదలైతున్నది సారూ. నీ కాగితం ఇంకోపారి చూడు. నేను ఇంకేం అడుగుత?"

ఇన్నేళ్లుగా ఇతరుల మీద విసిరిన ప్రశ్న నా మీదికి వచ్చింది. దానికి నేను చెప్పిన జవాబు, అక్షరం పొల్లుపోకుండా, వాళ్లు చెప్పే జవాబే. చూడలేదు, కానీ పెద్దలు చెప్పారు.

పట్టుబట్టి మ్యాన్‌హోల్ తవ్వించడానికి అనుమతి తెచ్చాను. జూన్ మొదటి వారంలో ఒక పొద్దున తారు పగలగొట్టాం. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గడ్డపారలతో లేపితే లోపలి వాసనకు ఖాజా భాయ్ పాన్ డబ్బా కట్టేసి పోయాడు. యేసురత్నం ముక్కుకు రుమాలు కట్టుకుని స్టాఫ్ కిందికి దించాడు. గద్దె మీది రాయి నుంచి మొదలుపెట్టి పైపు అడుగు దాకా ఎత్తు తీశాను. డ్రాయింగ్‌లో రాసిన దానికంటే ఇరవై మూడు సెంటీమీటర్లు కింద ఉంది.

మళ్లీ చదివాను. మళ్లీ ఇరవై మూడే.

"పైపు కిందికి దిగిందా సార్?" అన్నాడు యేసురత్నం.

"పైపు దిగదు. దిగితే పగులుతుంది. ఇది మంచిగనే ఉంది."

ఇద్దరం మెల్లగా గల్లీ మొదట్లోకి చూశాం. పసుపు పూసుకుని, సున్నం గద్దె మీద, చక్కగా నిటారుగా నిలబడి ఉంది రాయి.

మర్నాడు నయాపూల్‌లో మొదలుపెట్టాం. ఏప్రిల్‌లో చేయాల్సిన పని జూన్‌లో. కోర్టుకు వచ్చే జనం, తోపుడు బండ్లు, రిక్షాలు. మూడు కాళ్ల పరికరాన్ని ఎవరో ఒకరు తన్నేవాళ్లు, మళ్లీ మొదటి నుంచి సరిచేయాల్సి వచ్చేది. పురానీ హవేలీ దగ్గర ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, "ఏం కొలుస్తున్నవు బాపూ, రోడ్డు పెద్దగ చేస్తరా? మా ఇల్లు పోతదా?" అని వదలకుండా అడిగాడు. ఆ ఊళ్లో పరికరం పట్టుకున్న ప్రతివాడూ ఇల్లు కూల్చడానికి వచ్చినవాడే. పోదని మూడుసార్లు చెప్పాను. రెండో రోజు మధ్యాహ్నానికి యాకుత్‌పురా రాయి దగ్గరికి చేరాం. లెక్క వేశాను. రిజిస్టర్‌లో ఉన్న ఎత్తు కంటే రాయి ఇరవై మూడు సెంటీమీటర్లు పైన ఉంది. సుమారు జానెడు.

ఆఫీసుకు పోయి రిజిస్టర్ తీశాను. బెంచ్‌మార్క్ రిజిస్టర్‌లో రెండు గడులు ఉంటాయి. ఒకటి ఎత్తు, రెండోది వర్ణన. అందరం ఎత్తు చూసి పుస్తకం మూసేవాళ్లమే. వర్ణన గడిలో, పాత సిరాతో, స్పష్టంగా ఉంది: నేల మీదికి ఆరు అంగుళాలు కనిపించేలా పాతిన రాయి. గద్దె మాట లేదు. నేను గద్దెను కళ్లారా చూశాను. సున్నం చూశాను, కొబ్బరి చిప్ప చూశాను, నవ్వుకోవడానికి కావలసినవన్నీ చూశాను. గద్దె ఎప్పుడు కట్టారని మాత్రం అడగలేదు. సాయంత్రం అదే రాయి మీద పని ముగించి మూడు మిల్లీమీటర్లని మురిసిపోయాను. అబద్ధమాడే సాక్షిని రెండోసారి పిలిచి అడిగితే అదే అబద్ధం చెబుతాడు. మాట కలిసినంత మాత్రాన నిజం కాదు. రాయి జానెడు పైకి లేచినందువల్ల, దాన్ని ఆధారం చేసుకున్న నా లెక్కలో గల్లీ జానెడు కిందికి పోయింది. పాత డ్రాయింగ్‌లోని మ్యాన్‌హోల్ అంకె వేరే బెంచ్‌మార్క్ నుంచి వచ్చింది కనుక అది సరిగ్గానే ఉంది. వాలు తక్కువైంది పదిహేడు సెంటీమీటర్లు. తప్పు ఇరవై మూడు. అంటే ఆ గల్లీకి వాలు మొదటి నుంచీ ఉంది.

మల్లమ్మ దగ్గరికి పోయాను. ఈసారి అడ్డం నిలబడింది నేను.

"అమ్మా, ఈ గద్దె ఎవరు కట్టిండ్రు?"

"నా మర్ది నర్సింగు. మేస్త్రి. గదే గదా నేను ఆ దినం చెప్పబోయింది. నువ్వు ఇంటివా?"

"ఇప్పుడు చెప్పు."

గుమ్మంలో కూర్చుని చెప్పింది. మనవరాలు పోయిన పది రోజులకు గల్లీవాళ్లంతా కూర్చున్నారట. మోరీ నీళ్లు పొంగినప్పుడల్లా పోచమ్మను తాకుతున్నాయి, మైల నీళ్లు తాకినందుకే తల్లికి కోపమొచ్చిందని ఎవరో అన్నారట. నలుగురు కలిసి రాయి పెకలించి, కింద ఇటుకల గద్దె కట్టి, మళ్లీ నిలబెట్టారు. "నర్సింగు మంచి పనోడు. రసమట్టం పెట్టి నిలబెట్టిండు. జరంత గూడ వంగలే," అంది. గొంతులో కొంచెం గర్వం.

పాప చనిపోయింది మురుగు వల్ల. మురుగు తాకకూడదని రాయి ఎత్తారు. రాయి ఎత్తినందువల్ల మురుగు పైపు రాకుండా పోయింది. ఇంతకంటే పదునైన ఉదాహరణ నా ఉపన్యాసాలకు జన్మలో దొరకదు. ఆ సంగతి ఆ గుమ్మంలోనే నాకు తట్టింది. తట్టినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

"అయితే గీ గద్దె తోనే మా పైపు ఆగిందా?" మల్లమ్మ నా ముఖంలో చదివేసింది. చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "మేమే ఆపుకున్నమా సారూ?"

"గద్దెతోని కాదు," అన్నాను. "నేను చూడకపోవడంతోని."

అది ఓదార్పు కోసం చెప్పిన మాట కాదు. వాళ్లు చేసిందీ తప్పే. రాయికి కోపం రాదు. నీళ్లు కాచి తాగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నల్లా పైపును మోరీలోంచి తీయమని వాళ్లు ఎవరినీ నిలదీయలేదు. కానీ వాళ్ల తప్పును పట్టుకోవడానికే సర్కారు నన్ను పెట్టింది. అటువంటి తప్పులు ఉంటాయని తెలిసే రెండో పాయింట్ దగ్గర ముగించాలన్న నియమం పెట్టారు. పసుపు కుంకుమ చూడగానే అవతలివాళ్లే మూఢులని తేల్చుకున్నాను గనుక, నా మూఢత్వం నాకు కనిపించలేదు.

ఇంజినీరు గారికి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"సర్కారు బెంచ్‌మార్క్ కదిలించడం నేరం. ఆ మేస్త్రి మీద పోలీసు రిపోర్టు ఇయ్యి. మన నోట్‌లో 'స్థానికులు పాయింటును మార్చినందున' అని రాయి. నీకూ ఇబ్బంది ఉండదు, నాకూ ఉండదు."

"రాయి లేపింది వాళ్లే సార్. కానీ దాని చుట్టూ కంచె వేయాల్సింది మనం. అప్పుడప్పుడు చూసి రావాల్సింది మనం. వేరే పాయింట్ మీద క్లోజ్ చేయాల్సింది నేను. చేయలేదు."

"నువ్వు హేతువాదివి కదయ్యా! వాళ్లను వెనకేసుకొస్తావేంది?"

"అందుకే సార్," అన్నాను.

నోట్ రాశాను. రాయి ఎత్తిన సంగతి రాశాను, ఎందుకు ఎత్తారో రాశాను, నర్సింగు పేరు రాయలేదు. నా పని నియమం ప్రకారం జరగలేదని మొదటి పేరాలోనే రాశాను. నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ జాబితాలో నా పేరు రెండేళ్లు వెనక్కి పోయింది. వీరత్వమేమీ లేదు అందులో. అబద్ధం రాస్తే అది ఎక్కడెక్కడ కలవాలో గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేకపోయింది.

ఏడో నంబరు తిరిగి పథకంలో చేరింది, కానీ పని మాత్రం వాన కంటే ముందు కాలేదు. కాంట్రాక్టరు మనుషులు అప్పటికే వేరే బస్తీకి పోయారు. ఆ వానాకాలమంతా మల్లమ్మ కోడలు చంటిపిల్లను తీసుకుని పుట్టింట్లో ఉండిపోయింది. నేను రెండుసార్లు ఆ గల్లీకి పోయాను. చేయగలిగిందేమీ లేదు. ఇంటింటికీ తిరిగి నీళ్లు కాచి తాగమని చెప్పాను. ఒకాయన, "సర్వే సార్ డాక్టరైండు" అని వేళాకోళం చేశాడు. ఆ ఏడాది ఆ గల్లీలో ఎవరూ పోలేదు. నేను చెప్పినందువల్ల అని చెప్పుకోను. రుజువు లేదు.

డిసెంబరులో పైపులు దిగాయి. కలిపిన రోజు మేము ఒక పరీక్ష చేస్తాం. గల్లీ చివర పై గుంతలో నీళ్లు పోసి, రోడ్డు మీది మ్యాన్‌హోల్‌లో ఎప్పుడు వస్తాయో చూస్తాం. బకెట్ మల్లమ్మ చేతికిచ్చి, యేసురత్నాన్ని ఆమె దగ్గర పెట్టి, నేను రోడ్డు మీద మూత తీసి కూర్చున్నాను. యేసురత్నం అరిచాడు, పోసిందని. నేను కింద చీకట్లోకి చూస్తున్నాను. నీళ్లు వచ్చాయి. బురదతో, సిమెంటు పొడితో, సన్నగా, తర్వాత నిండుగా.

మల్లమ్మ ఖాళీ బకెట్ పట్టుకుని గబగబా గల్లీ పొడవునా నడిచి వచ్చింది. "వచ్చినయా?"

"వచ్చినయి."

"జరుగు. నన్ను చూడనియ్యి," అంది. మోకాళ్ల మీద కూర్చుని తల లోపలికి పెట్టి చూసింది. నా మాట మీద ఆగలేదు. అంతకంటే మంచి శిష్యురాలిని నేను ఏ సభలోనూ చూడలేదు. నేను ఆమెకు నేర్పింది మాత్రం ఏమీ లేదు.

ఆ రాయిని తీసేసి వేరేచోట కొత్తది పాతుదామని ఆఫీసులో అన్నారు. నేను వద్దన్నాను. గద్దె గట్టిది, నర్సింగు పని కదలదు. అంతకంటే ముఖ్యంగా, ఎదురింట్లోంచి ఒక మనిషి రోజూ దాన్ని చూస్తోంది. మా పాయింట్లలో దేనికీ ఆ భాగ్యం లేదు. నయాపూల్ నుంచి తెచ్చిన కొత్త ఎత్తును రిజిస్టర్‌లో ఎక్కించి, వర్ణన గడిలో ఇలా రాశాను: ఇటుక గద్దె మీద నిలిపిన రాయి. పసుపు పూసి ఉంటుంది. ఏటా బోనాలకు ముందు గద్దెకు సున్నం వేస్తారు. వాడే ముందు ఎదురింట్లో మల్లమ్మను అడిగి, తర్వాత వేరే పాయింట్‌తో సరిచూసుకోవాలి.

ఇంజినీరు గారు అది చదివి తల ఎత్తారు. "ఇదేం రాతయ్యా? రిజిస్టర్‌లో ఒక ఆడమనిషి పేరా?"

"ఆ రాయికి కాపలా మనిషి సార్."

ఆయన ఎర్ర పెన్సిల్ తీశారు. కాసేపు వేళ్ల మధ్య తిప్పి, మళ్లీ బల్ల మీద పెట్టేశారు. సంతకం చేశారు.

ఇప్పటికీ సభల్లో మాట్లాడతాను. గొంతు మునుపటిలా లేదు. "చూశావా?" అని ఇప్పటికీ అడుగుతాను, ఆ ప్రశ్నకు పదును తగ్గలేదు. అడిగే ముందు మాత్రం, నా నోట్‌బుక్‌లో నేను చూడకుండా ఎక్కించుకున్న అంకె ఏదైనా ఉందేమోనని ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుంటాను. చాలాసార్లు ఉంటుంది.